బోనస్‌ను జీతమన్న చట్టం

కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడు కుమ్మరికి, కమ్మరికి, వడ్రంగికి, చాకలికి, మంగలికి రైతు కొలిచి ఇచ్చే గింజలను మన పల్లెల్లో మేర అన్నారు. దసరాకో సంక్రాంతికో అదే మనిషి గుమ్మం ముందుకు వస్తే చేతిలో పెట్టే నాలుగు డబ్బులను ఈనాం అన్నారు. రెండూ ఇచ్చేది ఒకరే, పుచ్చుకునేదీ ఒకరే. అయినా ఊళ్లో ఎవరూ ఈ రెంటినీ ఒకే గాట కట్టలేదు. ఏడాది పొడుగునా చేసిన పనికి ముట్టేది మేర, దాన్ని ఎగ్గొడితే పెద్దమనుషుల్లో పెట్టి అడగొచ్చు. ఈనాం ఇవ్వకపోతే నొచ్చుకోవడమే తప్ప అడగడానికి నోరుండదు. మిల్లులూ గనులూ ఆఫీసులూ వచ్చాక బోనస్ అనే కొత్త మాట పుట్టింది. అది మేరా, ఈనామా అన్న తగాదా మన దేశంలో అర్ధశతాబ్దానికి పైగా నడిచింది. సమ్మెలు జరిగాయి, నిరాహార దీక్ష జరిగింది, సుప్రీంకోర్టు దాకా వ్యాజ్యాలు వెళ్లాయి. ఆ తగాదా మొదలుకాక ముందే బోనస్ లాంటి చెల్లింపును జీతం కింద లెక్క రాసుకున్న చట్టం ఒకటుంది. కార్మికుల మేలు కోసం చేసిన చట్టం కాదది, ఆదాయపు పన్ను చట్టం. ప్రతి దసరాకీ దీపావళికీ బోనస్ చీటీలో ‘టాక్స్ పట్టుకున్నారు’ అన్న వరస చూసి కడుపు మండే ఉద్యోగికి ఈ మాట రుచించకపోవచ్చు. కానీ బోనస్ మీద పన్ను పట్టే పద్ధతి ఎలా వచ్చిందో చూస్తే, ఆ కోత వెనకున్న సూత్రం కార్మికుడు కోరుకున్నదేనని తెలుస్తుంది. అన్యాయం జరుగుతున్న చోటు వేరే ఉంది.

మన దేశంలో ఆదాయపు పన్నుకు 1857 తిరుగుబాటు మూలం. తిరుగుబాటును అణచడానికి అయిన ఖర్చుతో ఖాళీ అయిన ఖజానాను నింపడానికి లండన్ నుంచి వచ్చిన జేమ్స్ విల్సన్ 1860లో ఈ పన్ను తెచ్చాడు. ఏడాదికి 200 రూపాయలు దాటిన ఆదాయం మీద 2 శాతం, 500 దాటితే 4 శాతం. అప్పటి మద్రాసు గవర్నర్ చార్లెస్ ట్రెవెల్యన్ ఇది ఈ దేశానికి తగని పన్ను అని బాహాటంగా ఎదిరించాడు, తన అభ్యంతరాన్ని పత్రికలకెక్కించాడు, అందుకు పదవి పోగొట్టుకున్నాడు. కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆయన ఏలుబడిలోనివే కాబట్టి తెలుగువాళ్లకు ఈ పన్ను మొదటి రోజుల్లోనే తగిలింది. నిజాం రాజ్యం సంగతి వేరు. అక్కడ ఆదాయపు పన్ను చట్టం ఫస్లీ 1357లో, అంటే 1947లో గాని రాలేదు. 1950 ఏప్రిల్ నుంచి భారత చట్టమే అక్కడా అమల్లోకి వచ్చింది. ఒకే భాష మాట్లాడే గుమాస్తాలు ఇద్దరిలో బెజవాడ గుమాస్తాకు తాతల నాటి నుంచి తెలిసిన పన్ను, హైదరాబాదు గుమాస్తాకు స్వాతంత్ర్యం వచ్చిన ఏటికి గాని తెలియలేదన్నమాట.

విల్సన్ పన్ను 1865లో రద్దయింది, మళ్లీ మళ్లీ వేరే రూపాల్లో వచ్చి పోయింది. నిలదొక్కుకున్నది 1886 చట్టం. వ్యవసాయ ఆదాయాన్ని వదిలిపెట్టి, ఏడాదికి 500 రూపాయల పైబడిన జీతం మీద రూపాయికి 4 పైల చొప్పున, 2000 దాటితే 5 పైల చొప్పున పన్ను వేసింది. రూపాయికి 192 పైలు, కాబట్టి అది ఇప్పటి లెక్కలో రెండు రెండున్నర శాతం. ఇక్కడ మనం ఆగి చూడవలసింది రేటును కాదు, ‘జీతం’ అన్న మాటకు ఆ చట్టం ఇచ్చిన అర్థాన్ని. నెలనెలా ఇచ్చే మొత్తం ఒక్కటే జీతమని అది అనలేదు. స్థిరమైన జీతానికి బదులుగా గాని, దానికి అదనంగా గాని ఉద్యోగం కారణంగా ముట్టే అలవెన్సులు, ఫీజులు, కమీషన్లు, ఇతర లాభాలు అన్నీ జీతమే అంది. 1922 చట్టం ఆ నిర్వచనాన్ని నిలబెట్టింది, 1961 చట్టం 17వ సెక్షన్‌లో దాదాపు అవే మాటలు వాడింది. ఉద్యోగి అందుకునే బోనస్‌ను ఆ నిర్వచనం పేరుపెట్టి చెప్పదు. చెప్పనక్కర లేదు కూడా. ‘జీతానికి అదనంగా’ అన్న రెండు మాటల్లో అది ఇమిడిపోయింది. యజమాని దాన్ని పండగ కానుక అన్నా, దయతో ఇచ్చాం అన్నా, పన్ను అధికారి అడిగేది ఒకటే: ఈ మనిషి ఇక్కడ పని చేయకపోతే ఈ డబ్బు ఇతనికి వచ్చేదా? రాదు. అయితే ఇది జీతమే.

ఇదే కాలంలో కార్మిక రంగంలో నడిచిన కథ దీనికి పూర్తిగా ఎదురు. మొదటి ప్రపంచ యుద్ధంలో ధరలు మండిపోతున్నప్పుడు, 1917లో బొంబాయి, అహ్మదాబాద్ బట్టల మిల్లుల యజమానులు జీతం మీద పది శాతం యుద్ధ బోనస్ ఇచ్చారు. ఆ ఏడే అహ్మదాబాద్‌లో ప్లేగు వచ్చింది. ఊరు విడిచి పారిపోతున్న నేతపనివాళ్లను మగ్గాల దగ్గర నిలిపి ఉంచడానికి మిల్లులు ప్లేగు బోనస్ మొదలుపెట్టాయి, కొందరికది జీతంలో 70, 80 శాతం దాకా ఉండేది. ప్లేగు తగ్గగానే ఆపేస్తామన్నారు. ధరలు మాత్రం తగ్గలేదు. కార్మికులు మొదట 50 శాతం పెంపు అడిగి, గాంధీ సలహాతో 35కు దిగారు. యజమానులు 20 దగ్గర ఆగారు. గాంధీ 1918 మార్చి 15న నిరాహార దీక్షకు కూర్చున్నాడు, మూడు రోజుల్లో మధ్యవర్తిత్వానికి ఒప్పుకున్నారు. మధ్యవర్తి ఆనందశంకర్ ధ్రువ చివరకు 35 శాతమే ఇవ్వాలని తీర్పు చెప్పాడు. ఈ పోరాటాన్ని జీతం పోరాటమనే మనం చెప్పుకుంటాం, నిజమే. కానీ దాని మొదలు ఒక బోనస్‌ను వెనక్కి తీసుకోవడంలో ఉంది. ఇచ్చిన చేయే వెనక్కి తీసుకోగలిగితే అది ఈనాం. వెనక్కి తీసుకోనివ్వం అని అహ్మదాబాద్ నేతపనివాళ్లు అన్నారు.

బొంబాయిలో ఆ మాట చెల్లలేదు. అక్కడి మిల్లులు యుద్ధం తర్వాత కొన్నేళ్లు వరసగా ఒక నెల జీతం బోనస్‌గా ఇచ్చి, 1923కు ఇవ్వం అన్నాయి. 1924 ఆరంభంలో పెద్ద సమ్మె జరిగింది. బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి నార్మన్ మాక్లియోడ్ అధ్యక్షతన వేసిన కమిటీ, కార్మికులకు ఆ బోనస్ మీద ఆనవాయితీ వల్ల గాని, చట్టం వల్ల గాని, న్యాయం వల్ల గాని ఏ హక్కూ లేదని తేల్చింది. ఈ తీర్మానాన్నీ పన్ను చట్టాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. 1922 చట్టం ప్రకారం, మిల్లులో పెద్ద జీతం తీసుకునే మేనేజరుకు అదే ఏడు బోనస్ వస్తే అది జీతం, దాని మీద పన్ను పట్టాలి. 1924 కమిటీ ప్రకారం, అదే మిల్లులో స్పిన్నింగ్ కార్మికుడికి ఇచ్చే బోనస్ యజమాని ఇష్టం. ఒకే ప్రభుత్వం నీడన, ఒకే ఊళ్లో, ఒకే పద్దులోంచి వచ్చే డబ్బుకు రెండు అర్థాలు. కార్మికుడికి అప్పట్లో ఆదాయపు పన్ను తగలలేదు. ఏడాదికి వేలల్లో సంపాదించేవాళ్లకే అది వర్తించేది, కూలి దాని దరిదాపుల్లో కూడా లేదు. అందుకే ఈ వైరుధ్యాన్ని ఎవరూ పట్టించుకోలేదు. పట్టించుకొని ఉంటే, ‘పన్ను కోసం జీతమైనది హక్కు కోసం ఎందుకు కాదు’ అని 1924లోనే అడగడానికి వీలుండేది.

ఇక్కడొక మాట చెప్పుకోవాలి. బ్రిటిష్‌వాళ్లు వారం జీతాన్ని నెల జీతంగా మార్చినప్పుడు ఏడాదికి నాలుగు వారాల కూలి పోయిందనీ, 1940లో కార్మికులు తిరగబడితే ఆ పదమూడో నెల జీతమే దీపావళి బోనస్‌గా మారిందనీ ఒక కథ ఏటా పండగ ముందు ఫోన్లలో తిరుగుతుంది. వినడానికి బాగుంటుంది. కానీ 1917లోనే యుద్ధ బోనస్, 1924లోనే బోనస్ సమ్మె ఉన్నాయి కాబట్టి 1940లో పుట్టిందనే మాట నిలవదు. ఈ కథకు ఇంత ఆదరణ ఎందుకో మాత్రం అర్థం చేసుకోవచ్చు. బోనస్ దానం కాదు, మన దగ్గర తీసుకున్నదే మనకు తిరిగి వస్తోందన్న నమ్మకానికి అదొక రూపమిచ్చింది.

అసలు రుజువు వేరే దారిలో వచ్చింది. 1950లో లేబర్ అప్పిలేట్ ట్రిబ్యునల్ బొంబాయి మిల్లుల కేసులో ఒక లెక్క తయారు చేసింది. ఏడాది లాభంలోంచి ముందుగా తరుగుదల, యంత్రాల పునరుద్ధరణకు మొత్తం, ఆదాయపు పన్ను, చెల్లించిన మూలధనం మీద 6 శాతం, వాడుకున్న నిల్వల మీద 2 శాతం తీసేసి, మిగిలితే అందులో కార్మికులకు వాటా ఉంటుందంది. 1955లో మ్యూర్ మిల్స్ కేసులో సుప్రీంకోర్టు బోనస్ దయతో ఇచ్చేది కాదని ఒప్పుకుంది. ఆ నోటితోనే అది వాయిదా పడిన జీతం కూడా కాదంది, అలా అయితే డివిడెండు కంటే ముందు చెల్లించాల్సి వస్తుందని. 1961లో వేసిన మెహెర్ కమిషన్ నివేదిక మీద 1965లో బోనస్ చెల్లింపు చట్టం వచ్చింది. కనీసం 4 శాతం, గరిష్ఠంగా 20 శాతం. లాభం వచ్చినా రాకపోయినా కనీస బోనస్ ఇవ్వాల్సిందేనన్న పదో సెక్షన్‌ను 1966లో జలాన్ ట్రేడింగ్ కేసులో సుప్రీంకోర్టు నిలబెట్టింది. నష్టంలో ఉన్నా ఇవ్వాల్సినదాన్ని లాభంలో వాటా అనడం ఎలా కుదురుతుంది? ఆ సెక్షన్‌తోనే బోనస్ సగం పైగా జీతమైపోయింది. కనీసం 1972లో 8.33 శాతానికి, అంటే పన్నెండో వంతుకు, ఒక నెల జీతానికి పెరిగింది. ఎమర్జెన్సీలో, 1975లో, దాన్ని కత్తిరించి, మిగులు లాభం లేకపోతే ఇవ్వనక్కర లేదన్నారు. 1977లో తిరిగి వచ్చింది, 1980లో చట్టంలో స్థిరపడింది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ కూడా ఆ రెండు హద్దుల్నీ అలాగే ఉంచింది. పన్ను చట్టం 1886లో చెప్పిన చోటికి కార్మిక చట్టం రావడానికి దాదాపు వందేళ్లు పట్టింది.

బోనస్‌ను జీతంగా చూసి పన్ను పట్టడం మీద వచ్చే గట్టి అభ్యంతరం రెండుసార్ల పన్ను గురించి. బోనస్ లెక్క కట్టేటప్పుడే కంపెనీ కట్టే పన్నును లాభంలోంచి ముందు తీసేస్తారు కదా, అలా పన్ను పోగా మిగిలినదాంట్లోంచి వచ్చిన డబ్బు మీద కార్మికుడి దగ్గర మళ్లీ ఎందుకు పట్టాలి అని సంఘాల నాయకులు అడుగుతారు. తేలిగ్గా కొట్టిపారేయాల్సిన ప్రశ్న కాదు. కంపెనీ దృష్టిలో బోనస్ ఖర్చు. 1961 చట్టపు 36వ సెక్షన్, ‘చేసిన సేవకు’ ఉద్యోగికి ఇచ్చిన బోనస్‌ను లాభంలోంచి తగ్గించుకోనిస్తుంది. ఆ మాటలు గమనించండి, మ్యూర్ మిల్స్ తీర్పు ఒప్పుకోనిది పన్ను చట్టంలో అచ్చై ఉంది. కాబట్టి బోనస్‌గా ఇచ్చిన రూపాయి మీద కంపెనీ పన్ను కట్టదు, కార్మికుడే కడతాడు, అదీ అతని ఆదాయం హద్దు దాటితేనే. రెండుసార్లు కాదు. అయితే సంఘాలు వాసన పట్టిన అన్యాయం నిజంగానే ఒకప్పుడు ఉండేది. 1968లో మెటల్ బాక్స్ కేసులో సుప్రీంకోర్టు, మిగులు లెక్క కట్టేటప్పుడు బోనస్ ఇవ్వనట్టే ఊహించుకొని పన్నును లెక్క వేయవచ్చంది. అంటే కంపెనీ కట్టని పన్నును కట్టినట్టు చూపించి కార్మికుల వాటా తగ్గించే వీలు దొరికింది. బోనస్ వల్ల మిగిలిన పన్ను మొత్తం యజమాని సంచిలో పడేది. 1969లో పార్లమెంటు చట్టాన్ని సవరించి, అలా మిగిలిన పన్నును మరుసటి ఏడు బోనస్ మిగులులో కలపాలంది. కార్మిక చట్టాల చరిత్రలో ఎవరూ అంతగా తలుచుకోని ఈ సవరణ నా దృష్టిలో చాలా గొప్పది. పన్ను లెక్క పేరుతో జారిపోబోయిన డబ్బును పట్టి వెనక్కి తెచ్చింది. యజమాని బోనస్‌ను లెక్కల్లో రాసి చెల్లించకుండా ఖర్చు చూపించుకునే దారి కూడా తర్వాత మూసుకుపోయింది. 1989 నుంచి, నిజంగా చెల్లిస్తేనే 43బి సెక్షన్ ఆ తగ్గింపు ఇస్తుంది.

ఇక పన్ను పట్టే తీరు. ప్రభుత్వ జీతాల్లోంచి నేరుగా పట్టడం పాత అలవాటే. 1922 చట్టపు 18వ సెక్షన్ ఆ బాధ్యతను జీతం చెల్లించే ప్రతి ఒక్కరి మీదా పెట్టింది. 1961 చట్టపు 192వ సెక్షన్ దాన్ని కొనసాగించింది, 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే కొత్త ఆదాయపు పన్ను చట్టం కూడా ఈ సూత్రాన్ని మార్చలేదు. ఉద్యోగికి ఏడాది మొత్తం మీద ఎంత రావచ్చో యజమాని అంచనా వేయాలి. దాని మీద ఆ ఏటి రేట్లతో పన్ను కట్టి, సగటు రేటు తీసి, చెల్లించే ప్రతిసారీ ఆ వంతున పట్టాలి. ముందు ఎక్కువో తక్కువో పట్టి ఉంటే తర్వాతి నెలల్లో సరిదిద్దుకోవచ్చు. బోనస్‌కు ప్రత్యేకమైన రేటు ఎక్కడా లేదు. అమెరికాలో ఉంటున్న తెలుగు ఉద్యోగుల అనుభవం వేరు. అక్కడ బోనస్‌ను విడిగా చెల్లించినప్పుడు యజమాని ఫెడరల్ పన్ను కింద 22 శాతం చదునుగా పట్టవచ్చు, ఏడాదికి పది లక్షల డాలర్లు దాటిన భాగం మీద 37 శాతం. లెక్క తేలేది రిటర్ను వేశాకే. అక్కడి మాటలు విని ఇక్కడా బోనస్ మీద వేరే పెద్ద పన్ను ఉందనుకునేవాళ్లు కొందరున్నారు. లేదు. మన పద్ధతిలో బోనస్ రూపాయీ నెల జీతం రూపాయీ ఒకటే. మేరను మేరగా చూసిన పద్ధతి ఇది.

అలాగైతే బోనస్ నెలలో అంత కోత ఎందుకు పడుతుంది? సింగరేణిని చూద్దాం. అక్కడ దసరాకు లాభాల్లో వాటా, దీపావళికి పీఎల్‌ఆర్ (పనితీరు ఆధారిత ప్రోత్సాహకం) పేరుతో బోనస్ ఇస్తారు. 2025లో 2360 కోట్ల లాభంలో 34 శాతాన్ని పర్మినెంట్ కార్మికులకు పంచారు, సగటున ఒక్కొక్కరికి 1,95,610 రూపాయలు. దీపావళికి పీఎల్‌ఆర్ 1,03,000 రూపాయలు. మస్టర్లు నిండినవాళ్లకే నిండుగా వస్తుంది, నాగాలు పడితే తగ్గుతుంది. గనిలోకి దిగిన రోజుల్ని లెక్కపెట్టి ఇచ్చేదాన్ని ఎవరూ కానుక అనలేరు. ఇప్పుడు 2025-26 రేట్లతో ఒక లెక్క వేద్దాం. బోనస్ కాకుండా ఏడాదికి 12,75,000 రూపాయల జీతం ఉన్న ఉద్యోగి కొత్త విధానంలో 75,000 ప్రామాణిక తగ్గింపు పోగా సరిగ్గా 12 లక్షల దగ్గర ఆగుతాడు, రిబేటు వల్ల పన్ను సున్నా. అతనికి లక్ష రూపాయల బోనస్ వచ్చిందనుకోండి. పన్ను కట్టాల్సిన ఆదాయం 13 లక్షలవుతుంది, రిబేటు పోతుంది. నాలుగు నుంచి ఎనిమిది లక్షల దాకా 20,000, ఎనిమిది నుంచి పన్నెండు దాకా 40,000, ఆ పై లక్షకు 15,000, కలిపి 75,000. సెస్సుతో 78,000. లక్ష బోనస్ వస్తే ఏడాది పన్ను సున్నా నుంచి 78,000కు ఎగబాకింది. బోనస్ మీద ప్రత్యేక పన్ను లేదని చట్టం చెప్పేది నిజం. బోనస్‌ను పన్ను మింగేసిందని ఆ ఉద్యోగి చెప్పేదీ నిజమే. తప్పు బోనస్‌ను జీతమనడంలో లేదు. 12 లక్షల దగ్గర గోడలా నిలిపిన రిబేటులో ఉంది. అంచు దాటిన కొద్దిపాటి ఆదాయానికి కొంత ఊరట ఉంది గాని, అది ఇంత దూరం చేరదు.

దానికి తోడు పట్టే సమయం. బోనస్ వస్తుందని ఏప్రిల్‌లోనే తెలిసిన చోట దాన్ని అంచనాలో కలిపితే ఆ 78,000 నెలకు 6,500 చొప్పున పోతుంది. అక్టోబరులో బోనస్ ఇచ్చే దాకా ఊరుకొని అప్పుడు కలిపి, మిగిలిన ఆరు నెలలకు పంచితే నెలకు 13,000. మొత్తం ఆ ఒక్క చెల్లింపులోంచే పట్టేస్తే పండగ డబ్బు లక్షలో మిగిలేది 22,000. మూడు పద్ధతుల్లోనూ ఏడాది పన్ను ఒకటే. ఇంటి మీద పడే దెబ్బ మాత్రం ఒకటి కాదు. బోనస్‌ను నమ్ముకొని బట్టలకు, పిల్లల ఫీజుకు, అప్పు వాయిదాకు మాట ఇచ్చుకున్న కుటుంబానికి మూడో పద్ధతి చేసే నష్టం చిన్నది కాదు. యజమానులు మూడో దారి పట్టడానికి కారణం ఊహించడం కష్టం కాదు. తక్కువ పట్టి ప్రభుత్వానికి తక్కువ జమ చేస్తే వడ్డీ వాళ్ల నెత్తిన పడుతుంది. మధ్యలో ఉద్యోగి మానేసి వెళ్తే పట్టడానికి జీతమే మిగలదు. అందుకే చేతిలో డబ్బున్నప్పుడే పట్టేస్తారు. ఆ భయం అర్థం చేసుకోదగ్గదే. కానీ ఏటా క్రమం తప్పకుండా బోనస్ ఇచ్చే పెద్ద సంస్థలకు, పర్మినెంట్ ఉద్యోగుల విషయంలో, ఈ సాకు చెల్లదు.

బోనస్‌కు పన్ను మినహాయింపే ఇచ్చేస్తే పోదా అని చాలామంది అంటారు. సింగరేణి కార్మిక సంఘాలు ఆదాయపు పన్ను మినహాయింపు చాలాకాలంగా అడుగుతున్నాయి. భూగర్భంలో ప్రాణాలు పణంగా పెట్టి పనిచేసేవాళ్లకు ఆ శ్రమకు తగ్గ గుర్తింపు కావాలన్న కోరికలో న్యాయముంది. అలాంటి గుర్తింపును గని పని అనే ప్రాతిపదిక మీద అడగాలి, బోనస్ అనే పేరు మీద కాదు. ఎందుకంటే ప్రావిడెంట్ ఫండ్ చట్టం మూల వేతనం లెక్కలోంచి బోనస్‌ను ఇప్పటికే తీసేసింది. దానికి పన్ను మినహాయింపు కూడా తోడైతే, జీతం పెంచాల్సిన చోట యజమాని బోనస్ పెంచుతాడు. పీఎఫ్ తగ్గుతుంది, గ్రాట్యుటీ తగ్గుతుంది, ఒక చెడ్డ ఏడు వస్తే ఆ బోనసూ తగ్గుతుంది. 1918లో అహ్మదాబాద్‌లో, 1924లో బొంబాయిలో జరిగింది సరిగ్గా అదే: జీతంలో ఉండాల్సింది బోనస్‌లో ఉండబట్టే వెనక్కి తీసుకోగలిగారు. పైగా చట్టప్రకారం కనీస బోనస్ అందుకునేవాళ్లకు ఈ మినహాయింపుతో ఒరిగేది ఏమీ లేదు. బోనస్ చట్టానికి 2015లో చేసిన సవరణ ఆ బోనస్‌ను నెలకు 21,000 రూపాయల లోపు జీతగాళ్లకే పరిమితం చేసింది. ఏడాదికి రెండున్నర లక్షల చిల్లర సంపాదించే ఆ మనిషికి ఇప్పటి రేట్లలో పన్నే లేదు. మినహాయింపు లాభం పోయేదంతా లక్షల్లో బోనస్ తీసుకునే పెద్ద ఉద్యోగులకే.

పోయిన ఏటి పనికి ఈ ఏడు వచ్చిన డబ్బును ఈ ఏటి ఆదాయంలో కలపడం సరికాదని ఇంకో వాదన. బకాయి జీతానికి పన్ను చట్టంలో ఊరట ఉంది, పాత ఏళ్లకు పంచి లెక్క వేయమని ఉద్యోగి అడగవచ్చు. ఏటా వచ్చే బోనస్ బకాయి కాదు, ఖాతాలు తేలి ప్రకటించాకే అది చేతికి అందాల్సిన సొమ్మవుతుంది. ప్రతి ఏడూ ఒక బోనస్ పోయి ఒకటి వస్తుంది కాబట్టి నష్టమూ పెద్దగా ఉండదు. ఎన్నో ఏళ్ల వివాదం తేలి పాత బోనస్‌లన్నీ ఒక్కసారి చెల్లించిన సందర్భాల్లో మాత్రం ఉద్యోగులు ఆ ఊరటను అడిగి తీసుకోవాలి. అడగనివాళ్లకు అది రాదు.

కాబట్టి కార్మిక సంఘాలు ఈ ఏడు నుంచి బేరసారాల బల్ల మీద పెట్టవలసినవి మూడున్నాయి. బోనస్ వచ్చేది ఖాయమైన చోట దాన్ని ఏప్రిల్ అంచనాలోనే కలిపి పన్నును పన్నెండు నెలలకూ పరచమనాలి. బోనస్ చీటీ మీద, ఈ కోత ఏ అంచనా ఆదాయం మీద, ఏ సగటు రేటుతో పడిందో ఒక వరసలో రాయమనాలి. 12 లక్షల అంచు దగ్గర రిబేటు ఒక్కసారిగా కూలిపోకుండా మెల్లగా తగ్గేలా ఏర్పాటు చేయమని ఆర్థిక మంత్రిత్వ శాఖను అడగాలి. మూడోదానికి పార్లమెంటు కావాలి. మొదటి రెంటికీ ఏ సవరణా అక్కర్లేదు, జీతాల విభాగంలో కూర్చున్న మనిషి తలచుకుంటే వచ్చే నెల నుంచే మొదలుపెట్టవచ్చు.